తాతగారి పొగాకు బ్యారన్‌ను ఊరందరి చదువుల గదిగా మార్చవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర ఒక పల్లె. మా ఇంటి వెనక దొడ్లో తాతగారు కట్టించిన పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకును వేడి పెట్టి ఎండబెట్టే ఎత్తయిన ఇటుక గది, ఉంది. 16 అడుగుల పొడవు, అంతే వెడల్పు, ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ముందు ఒక రేకుల షెడ్డు. నాన్న పొగాకు మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పుడు లోపల పావురాలు, ఎరువుల బస్తాలు, పనికిరాని డ్రిప్పు పైపులు ఉన్నాయి. దాన్ని బాగుచేసి సాయంత్రం పిల్లలు చదువుకునేందుకు, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే ఆడపిల్లల కోసం చిన్న గ్రంథాలయంగా, మహిళా సంఘాల సమావేశాలకు గదిగా మార్చాలని నా కోరిక. నేను ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో టీచరును. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య కొంత డబ్బు పంపుతానన్నాడు. పెదనాన్న మాత్రం పడగొట్టి చదును చేస్తే స్థలానికి మంచి ధర వస్తుందంటున్నారు. నాన్నేమో "అందరిదీ అంటే ఎవరిదీ కాదమ్మా" అంటారు. సర్పంచి గారు పంచాయతీకి రాసిచ్చేయమంటున్నారు. మేస్త్రీ పాతది తీసేసి కొత్తగా శ్లాబు వేయడమే చౌక అంటున్నాడు. ఎవరి మాట వినాలి? తాతగారి పేరు పెట్టుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మేస్త్రీ మాట కాసేపు పక్కన పెడదాం. మీ ఉత్తరంలో నన్ను ఆపింది "మా ఇంటి వెనక దొడ్లో" అన్న మాట. ఆ బ్యారన్ దగ్గరికి దారి ఎటునుంచి? మీ వీధి గేటు తీసుకుని, మీ పంచ ముందు నుంచి, నాన్నగారు మంచం వేసుకుని పేపరు చదువుకునే చోటు దాటి వెళ్లాలా? అలాగైతే ఎంత బాగా కట్టినా అది మీ ఇంట్లో ఒక గదిగానే ఉండిపోతుంది. మీ వీధి పిల్లలు వస్తారు, చుట్టాల పిల్లలు వస్తారు. ఎస్సీ కాలనీ నుంచి ఒక పిల్ల మొదటి రోజు ధైర్యం చేసి వస్తుంది. గేటు దగ్గర ఎవరో "ఎవరు కావాలి?" అని మామూలుగా అడిగినా చాలు, మర్నాడు రాదు. అడిగినవారిలో చెడ్డతనం ఉండనక్కరలేదు. ఒకరి ఇంటి ఆవరణలో అడుగుపెడుతున్నానన్న భావం ఆ పిల్లను వెనక్కి లాగడానికి సరిపోతుంది. ఈ విషయం ఊళ్లో పాఠం చెప్పే మీకు నేను చెప్పనక్కరలేదు.

అందుకే ఒక్క ఇటుక కదపకముందు దారి తేల్చండి. దొడ్డి వెనక వైపు డొంక గానీ సందు గానీ ఉంటుంది. ఆకు బళ్లు, ట్రాక్టర్లు ఒకప్పుడు అటునుంచే వచ్చి ఉంటాయి. ఆ వైపు ప్రహరీ కొట్టి, ఆటో పట్టేంత, కనీసం ఎనిమిది అడుగుల దారి వదలండి. మీ ఇంటికీ ఆ దారికీ మధ్య కొత్త గోడ లేచినా ఫరవాలేదు. రాసుకునే పత్రంలో ఈ దారి కూడా హద్దులతో సహా చెక్కుబందీలో ఉండాలి. గది ఇచ్చి దారి రాయకపోతే, రేపు దొడ్డి చేతులు మారిన రోజున గదికి తాళం పడ్డట్టే.

ఇంకో మాట. ఆ బ్యారన్‌ను ఊళ్లో అందరికంటే ఎక్కువ ఎరిగినవాళ్లు మీ కుటుంబం వాళ్లు కారు. ఆ షెడ్డు కింద కూర్చుని కర్రలకు ఆకు కట్టిన ఆడవాళ్లు, లోపల అడ్డదూలాల మీద కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి కర్రలు పైకి అందించుకున్న మగవాళ్లు, రాత్రంతా పొయ్యి దగ్గర కాపలా కాసి వేడి చూసుకున్న మనుషులు. వాళ్లలో చాలామంది ఇంకా ఊళ్లోనే ఉంటారు. గది ఏ పనికి వాడాలన్నది నిర్ణయించే మొదటి సమావేశానికి వాళ్లను పిలవండి. అది కూడా మీ ఇంటి అరుగు మీద కాదు, ఆ షెడ్డు కిందనే, అందరూ ఒకే చాప మీద కూర్చుని. మీకు గ్రంథాలయం కావాలి. వాళ్లు పగటిపూట చంటిపిల్లలను ఉంచే చోటు కావాలనవచ్చు, పింఛను కాగితాలు, ఆధార్ పనులు చేసిపెట్టే మనిషి కావాలనవచ్చు. వినండి. వాళ్ల కోరిక ఒక్కటైనా నెరవేరితేనే వాళ్ల పిల్లలు మీ పుస్తకాల దగ్గరికి వస్తారు.

ఇక మీ నాన్నగారి మాట. "అందరిదీ అంటే ఎవరిదీ కాదు" అన్నది అనుభవంతో అన్న మాట. ఊరూరా తాళం తుప్పు పట్టిన సామాజిక భవనాలను చూసిన ఎవరైనా అదే అంటారు. దానికి జవాబు కాగితం మీద ఉండాలి. అది ఎవరి పేరున, ఎన్నేళ్లకు, తాళం చెవి ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరు కడతారు, మూతపడితే ఏమవుతుంది - ఈ అయిదూ రాసి చూపిస్తే ఆయన కాదనరని నా నమ్మకం.

పేరు సంగతికి ముందు హక్కు సంగతి. కట్టించింది తాతగారు. మీ ఉత్తరంలో నాన్న, పెదనాన్న కనిపించారు గానీ మేనత్తలు కనిపించలేదు. ఉన్నారా? తాతగారు సొంతంగా సంపాదించిన ఆస్తి అయి, వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో పాటు కూతుళ్లకూ సమాన వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే లెక్క వేరుగా ఉంటుంది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు అందులో హక్కు కల్పిస్తూ 1985 నుంచే సవరణ అమలులోకి వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఏదైనా సరే, పాత దస్తావేజులు, పంపకాల కాగితాలు పట్టుకుని వకీలును ఒకసారి కలవండి. మేనత్తల సంతకాలు లేకుండా మంచిపనికి రాసిచ్చినా అది తగాదాగానే మిగులుతుంది. పైగా ఆడపిల్లల చదువు కోసం పెట్టే గది ఇంటి ఆడపిల్లలను అడగకుండా మొదలుకావడం న్యాయం కాదు.

పెదనాన్నగారితో వాదనకు దిగకండి. ఆయన అడుగుతున్నది స్థలం విలువ. బ్యారన్ గోడల మందంతో కలిపి చూసినా అది కూర్చున్న చోటు ఒక సెంటు కూడా ఉండదు, సెంటంటే 435.6 చదరపు అడుగులు కదా. షెడ్డు, దారి కలిపితే మరికొంత అవుతుంది. మొత్తం కొలిపించి, గీసి, ఆయన ముందు పెట్టండి. "దొడ్డంతా పోతుంది" అనుకుంటున్న మనిషికి పోయేది ఎంతో కనబడితే మాట మెత్తబడుతుంది. ఆయన వాటాకు బదులుగా మరోవైపు అంత స్థలం నాన్నగారు వదులుకోగలిగితే ఇంకా మంచిది. పెద్దవారు, ఆయనకు నష్టం జరగకుండా చూడటం మీ బాధ్యత.

ఈ లోగా ఇంకో కాగితం వెతకాలి. బ్యారన్ లైసెన్సు. మీకు తెలిసిందే, 1975 చట్టంతో గుంటూరులో పొగాకు బోర్డు ఏర్పడ్డాక వర్జీనియా పొగాకు పండించడానికి, బ్యారన్ నడపడానికి బోర్డు అనుమతి ఉండాల్సిందే. మీ నాన్నగారు సాగు మానేసినా ఆ లైసెన్సు ఇంకా బతికి ఉందా? ఎవరికైనా కౌలుకు ఇచ్చారా? పెదనాన్నగారి పేరున ఉందా? కొన్ని ఇళ్లలో గోడల కంటే ఆ కాగితానికే ఎక్కువ విలువ కట్టుకుంటారు, అన్నదమ్ముల మధ్య అసలు పేచీ అక్కడే ఉంటుంది. బోర్డు వారి పొగాకు వేలం కేంద్రంలో అడిగి, రద్దు చేయించుకోవాలా, బదిలీకి వీలుందా అన్నది రాతపూర్వకంగా తెచ్చుకోండి. లైసెన్సు ఉన్న బ్యారన్‌కు కిటికీలు కొట్టేసి తరవాత చిక్కులు పడవద్దు. అలాగే ఆ దొడ్డి గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల స్థలంలో, ఉందా, సాగుభూమిగా రికార్డుల్లో ఉందా అన్నది తహసీల్దారు కార్యాలయంలో చూసుకోండి. సాగుభూమి అయితే భూ వినియోగం మార్పు గురించి వాళ్లు చెప్పినట్టు చేయాలి.

సర్పంచి గారి మాటలో మంచి ఉంది, ప్రమాదమూ ఉంది. పంచాయతీ ఆస్తి అయితే ప్రభుత్వ నిధులు పెట్టడానికి దారి దొరుకుతుంది. ఎంపీ స్థానిక ప్రాంత అభివృద్ధి నిధులను సొంత ఆస్తుల మీద ఖర్చు పెట్టకూడదన్న నిబంధన ఉంది. కానీ ఎన్నికలు జరిగినప్పుడల్లా తాళం చెవి చేతులు మారుతుంది. అక్కడ ముందు బ్లీచింగ్ బస్తాలు, తరవాత చెడిపోయిన మోటార్లు చేరతాయి. అలా కావాలని ఎవరూ అనుకోరు, అడిగేవారు లేకపోతే అలా అవుతుంది. అందుకే నా సలహా ఇది: ఊరివాళ్లతో ఒక సొసైటీ రిజిస్టరు చేయించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. మీ కుటుంబం నుంచి ఒక్కరే ఉండాలి. సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లు, కాలనీ నుంచి కనీసం ఇద్దరు, బడి నుంచి ఒకరు, పంచాయతీ తీర్మానం చేసి పంపే ప్రతినిధి ఒకరు. మీరు అధ్యక్షురాలు కాకండి. కార్యదర్శిగా పని చేయండి.

ఆ సొసైటీకి కుటుంబమంతా కలిసి పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో లీజు రాసివ్వండి. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి, తెల్లకాగితం మీద రాసుకున్నది కోర్టులో నిలబడదు. స్టాంపు ఖర్చు ఎంతవుతుందో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ముందే లెక్క కట్టించుకోండి. వరుసగా ఒక ఏడాది గది మూతపడి ఉంటే స్థలం తిరిగి కుటుంబానికి వస్తుందని, నడుస్తున్నంత కాలం కుటుంబం మధ్యలో లాక్కోకూడదని రెండు వాక్యాలూ అందులో ఉండాలి. నాన్నగారి భయానికి మొదటి వాక్యం, ఊరి భయానికి రెండో వాక్యం జవాబు. దానంగా రాసివ్వడం ఇప్పుడే వద్దు. పదేళ్లు బాగా నడిచాక మీ కుటుంబానికే ఆ ఆలోచన వస్తుంది.

ఇప్పుడు గోడలు. మేస్త్రీ చెప్పింది నిజం కావచ్చు, కాకపోవచ్చు. చూడాల్సినవి చెబుతాను. నాలుగు మూలల్లోనూ తాడుకు గుండు కట్టి పైనుంచి వదిలితే గోడ ఎంత వాలిందో తెలుస్తుంది. అడుగు వరసల్లో ఇటుకను తాళం చెవితో గీకితే పొడి పొడిగా రాలుతోందా? ఎరువుల బస్తాలు ఏళ్ల తరబడి ఆనించి ఉంచిన గోడల్లోకి ఉప్పు పోయి ఇటుకను లోపలినుంచి తింటుంది. తెల్లటి పొడి కనిపిస్తే ఆ వరసలు మార్చక తప్పదు. మూల నుంచి పైదాకా వేలు దూరేంత పగులు ఉంటే అది ప్రమాదం. సన్నటి పగులైతే దాని మీద అడ్డంగా సున్నపు ముద్ద పెట్టి, తేదీ రాసి, ఒక వానాకాలం గడవనివ్వండి. మీ దొడ్డి నల్లరేగడి అయితే ఎండాకాలంలో పగులు విచ్చుకుని వానలకు మూసుకుంటుంది. ఆ కదలిక ఎంతో తెలియకుండా గిలాబు పూస్తే మళ్లీ అక్కడే చీలుతుంది. గోడలు వాలి, పునాది కుంగి ఉంటే నిస్సంకోచంగా పడగొట్టండి. పిల్లలు కూర్చునే చోట తాతగారి జ్ఞాపకం కంటే కప్పు ముఖ్యం. ఈ మాట చెప్పాల్సింది మేస్త్రీ ఒక్కడే కాదు, ఒక సివిల్ ఇంజనీరు వచ్చి చూసి రాసివ్వాలి. ఆ ఫీజుకు వెనకాడకండి.

గోడలు నిలబడదగ్గవైతే మాత్రం ఆ బ్యారన్‌ను వదులుకోవద్దు. ఎందుకో చెబుతాను. అది గాలి నడిపించడానికి కట్టిన కట్టడం. కింద చుట్టూ కంతలు, పైన కప్పు దగ్గర తెరిచి మూసే తలుపులు. ఆకును మొదట 35, 40 డిగ్రీల మధ్య పసుపు రంగుకు తెచ్చి, అయిదారు రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ చివరికి ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకువెళతారు. ఆ తేమనంతా బయటికి పంపేది ఆ కంతలే. వేడిగాలి పైకి పోతుంది, చల్లగాలి కిందినుంచి లోపలికి వస్తుంది. పదహారు అడుగుల ఎత్తున్న గదిలో ఇది ఫ్యాను లేకుండా జరుగుతుంది. మీ మేస్త్రీ వేసే పదడుగుల శ్లాబు గదిలో మే నెల సాయంత్రం పిల్లలు చదవలేరు. కనుక కింది కంతలను మూసేయకండి, పాములు, ఎలుకలు రాకుండా గట్టి జాలీ బిగించండి. పై తలుపులకు కిందినుంచి లాగే తాడు కట్టండి. ఒక లోపం ఉంది: మందపాటి ఇటుక గోడ పగలంతా పీల్చిన ఎండను సాయంత్రం, సరిగ్గా పిల్లలు వచ్చే వేళకు, లోపలికి వదులుతుంది. పడమటి గోడకు ఎండ తగలకుండా పందిరి వేసి తీగ పాకించండి, కప్పుకు పైన తెల్ల సున్నం కొట్టించండి.

కిటికీలు ఉండవు కనుక వెలుతురు కోసం కొట్టాలి. ఇక్కడే పని చెడేది. ఆ గోడలు చాలావరకు మట్టి అడుసుతో కట్టినవి, పైగా ఎత్తు ఎక్కువ, మధ్యలో పట్టు తక్కువ. గోడ నుంచి గోడకు పోయే అడ్డదూలాలు ఆకు కర్రల కోసమే పెట్టినా, ఇన్నేళ్లూ ఆ ఎత్తు గోడలను కొంతవరకు పట్టి ఉంచింది అవే. "అడ్డంగా ఉన్నాయి" అని మేస్త్రీ మొదటి రోజే రంపం పెడితే గోడకు ఆ ఆసరా పోతుంది. తల తగిలే ఎత్తులో ఉన్నవి ఇంజనీరు చెప్పాక తీయండి, పై రెండు వరసలూ ఉంచేయండి. చెదలు తిన్నవి ఉంటే ఒక్కొక్కటిగా మార్చండి. కిటికీ కంత ఒకటి కొట్టి, దూలం కూర్చోబెట్టి, అది గట్టిపడ్డాకే రెండోది మొదలుపెట్టాలి. మూలల దగ్గర కొట్టకూడదు. గిలాబుకు గానుగ సున్నం దొరికితే అదే వాడండి. మట్టి అడుసు గోడకు సిమెంటు గిలాబు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక ఇటుకను నానబెడుతుంది.

వాసన గురించి మీరు అడగలేదు. అడగాల్సింది. ఇన్నేళ్ల ఆకు జిగురు, పొగ, మసి ఆ గోడల గిలాబులో ఉంటాయి. పైన రంగు వేస్తే ఒక వేసవికల్లా పసుపు మరకలు బయటికి వస్తాయి. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. తడి ఆకు కోసిన రోజున కూలీలకు కళ్లు తిరిగి వాంతులు కావడం మీ ఊళ్లో అందరూ చూసిందే. గోడలకు పట్టింది అంత కాకపోయినా, చిన్నపిల్లలు గోడకు ఆనుకుని కూర్చుంటారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. కనీసం పిల్లల చేయి అందే ఎత్తు వరకు పాత గిలాబు పూర్తిగా చెక్కేయించండి. చెక్కేటప్పుడు నీళ్లు చల్లాలి, ముక్కుకు మాస్కు, చేతికి తొడుగులు ఉండాలి. పావురాల రెట్టకూ అంతే, పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. చెక్కిన మట్టి కూరగాయల పాదుల్లోకో గొడ్ల చావిడి వైపో పోకూడదు. పురుగుమందు డబ్బాలు నిలవచేసిన మూల ఏదో నాన్నగారికి గుర్తుంటుంది, అక్కడి నేల జానెడు లోతు తవ్వి కొత్త మట్టి పోయించండి. కప్పు, షెడ్డు సిమెంటు రేకులయితే అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని కోయడం, పగలగొట్టడం వద్దు. బోల్టులు విప్పి రేకు రేకుగా దించాలి, తడిపి దించాలి. ఈ పనికి ఉత్సాహవంతులైన పిల్లలను శ్రమదానం పేరుతో దింపకండి, దయచేసి.

పొయ్యి వేడిని గది లోపలికి తిప్పే ఇనుప గొట్టాలు, పొయ్యి తలుపు పాతసామాన్ల వాడికి అమ్మితే కొంత డబ్బు వస్తుంది. పొయ్యి కంతను ఇటుకలతో గట్టిగా మూయించాలి. ఒక గొట్టం ముక్క, రెండు ఆకు కర్రలు మాత్రం ఉంచుకోండి.

అసలు లెక్క ఇంకొకటి ఉంది. బ్యారన్ లోపల 256 చదరపు అడుగులు. బల్లలు, బీరువాలు పోను ఇరవై మంది కూర్చుంటే నిండిపోతుంది. మహిళా సంఘాల సమావేశం అందులో పట్టదు. మీకు కావలసిన పెద్ద గది ఎదురుగానే ఉంది, ఆ షెడ్డు. బ్యారన్‌ను పుస్తకాలకు, నిశ్శబ్దంగా చదువుకోవడానికి ఉంచండి. షెడ్డును మూడు వైపులా తెరిచి, నేల గచ్చు చేసి, సమావేశాలకు, చిన్నపిల్లలకు వాడండి. రెండింటి మధ్య తలుపు ఇప్పుడు వంగి దూరేంత ఉంటుంది, గడప ఎత్తు ఉంటుంది. దాన్ని మూడు అడుగుల వెడల్పుకు తెచ్చి, గడప తీసేసి, వాలు దారి కట్టించండి: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఊతకర్ర పట్టుకున్న తాతలు, చక్రాల కుర్చీలో ఉన్నవారు లోపలికి రావాలి. మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే నీళ్లు మొదటి విడత పనిలోనే ఉండాలి, ఆడపిల్లలు చీకటి పడ్డాక ఉండాలంటే ఇది తప్పదు. డొంక మీద ఒక దీపం కూడా.

కరెంటు విషయంలో ఒక హెచ్చరిక. దొడ్లో వ్యవసాయ మోటారు సర్వీసు ఉంటే దాని నుంచి తీగ లాగకండి. సాగుకు ఇచ్చే ఉచిత విద్యుత్తును వేరే పనికి వాడితే కేసవుతుంది, అది మీ నాన్నగారి మీద పడుతుంది. సొసైటీ పేరున వేరే మీటరు పెట్టించండి.

అన్నయ్య పంపే డబ్బు అంతా ఒకేసారి గోడల మీద పెట్టవద్దు. సగం విడిగా దాచి, మొదటి రెండేళ్ల కరెంటు బిల్లుకు, సాయంత్రాలు తాళం తీసే మనిషి జీతానికి ఉంచండి. ఉత్సాహంతో వచ్చే స్వచ్ఛంద సేవ కోతల కాలం రాగానే ఆగిపోతుంది. పెళ్లయి వెళ్లిపోయే అమ్మాయి మీదో, ఉద్యోగం వచ్చి వెళ్లే అబ్బాయి మీదో గది ఆధారపడకూడదు. ఊళ్లోనే ఉండే, పదో తరగతి దాకా చదివిన ఒక గృహిణికి చిన్న మొత్తమైనా నెలనెలా ఇచ్చి బాధ్యత అప్పగించండి. తాళం చెవులు మూడు ఉండాలి, మూడు వేర్వేరు వీధుల్లో ఉండాలి. మీ ఇంట్లో ఒక్కటి కూడా వద్దు.

పుస్తకాలకు బెంగపడకండి. మన గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చినప్పటి నుంచి స్థానిక సంస్థలు వసూలు చేసే ఇంటిపన్నులో గ్రంథాలయ సెస్సు ఉంది, రూపాయికి 8 పైసలు. మీ ఊరివాళ్లు అది కడుతూనే ఉన్నారు. ఒంగోలులోని జిల్లా గ్రంథాలయ సంస్థకు సొసైటీ తరఫున, పంచాయతీ తీర్మానం జతచేసి, పుస్తక నిక్షిప్త కేంద్రం (సంస్థ తన పుస్తకాలను ఊళ్లో ఉంచి చదివించే చోటు) కోసం అర్జీ పెట్టండి. దినపత్రికలు, ఉద్యోగ సమాచార పత్రికలు మాత్రం మొదటి రోజు నుంచీ మీరే తెప్పించాలి. పోటీ పరీక్షల పిల్లలను రోజూ రప్పించేది అవే.

వీలు చూసుకుని వేటపాలెం వెళ్లి సారస్వత నికేతనం గ్రంథాలయం చూసి రండి. చీరాల పక్కనే. 1918లో ఆ ఊరి యువకులు చదువుకునే చోటు మొదలుపెట్టారు, గాంధీజీ అక్కడికి వచ్చి భవనానికి శంకుస్థాపన చేసింది 1929లో. ఆ నడుమ పదకొండేళ్లూ వాళ్లు పాఠకులను సంపాదించుకున్నారు. 1935లో కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన ఘనత కూడా మన గ్రంథాలయోద్యమానిదే. కాబట్టి లీజు, ఇంజనీరు, రేకులు అన్నీ తేలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోకండి. మీ బడి వరండాలోనో, రామాలయం అరుగు మీదనో, చర్చి ఆవరణలోనో కాదు. అందరూ వచ్చే చోటు చూసి, బహుశా ప్రభుత్వ పాఠశాల వరండాలో, వచ్చే వారం నుంచే రోజూ సాయంత్రం ఒక గంట చదువు మొదలుపెట్టండి. నాలుగు నెలలు నడిస్తే ఎంతమంది వస్తారో, ఏ వేళకు వస్తారో, ఏ వీధి నుంచి రావడం లేదో తెలుస్తుంది. గది ఎలా ఉండాలో అప్పుడు ఆ పిల్లలే చెబుతారు. సర్పంచి గారి దగ్గరికి, పెదనాన్నగారి దగ్గరికి కూడా వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లవచ్చు.

తాతగారి పేరు పెట్టుకోవచ్చు, తప్పేమీ లేదు. కాకపోతే గుమ్మం మీద వద్దు, లోపల గోడ మీద పెట్టండి. గుమ్మం మీద ఊరి పేరు ఉండనివ్వండి. లోపలి పలక మీద ఆయన ఎప్పుడు కట్టించారో రాయించండి. దాని కిందనే ఆ బ్యారన్‌లో ఆకు కట్టినవాళ్ల పేర్లు, కాల్చినవాళ్ల పేర్లు గుర్తున్నన్ని రాయించండి. పేర్లు చెప్పమని అడిగే పని మీ విద్యార్థులకే అప్పగించవచ్చు, ఆ ఆడవాళ్ల దగ్గర కూర్చుని రాసుకుని వస్తారు.

అన్నయ్య ఈసారి ఊరికి వచ్చినప్పుడు మేనత్తలను కూడా పిలిపించి, కొలతల పటం, లైసెన్సు కాగితం, ఇంజనీరు రాసిచ్చినది మూడూ ముందు పెట్టుకుని ఇంట్లో మాట్లాడుకోండి. ఇంజనీరు గోడల గురించి ఏమన్నదీ, డొంక వైపు దారికి పెదనాన్నగారు ఏమన్నదీ నాకు రాయండి. ఆ రెండూ తెలిశాక లీజులో రాయాల్సిన షరతుల గురించి వివరంగా మాట్లాడుకుందాం.